ఎనభై రెండు ఎలుగుబంట్లు

హనుమంతరాయుడు ముప్పై ఏళ్ళ వ్యాపారాన్ని ఒకే ఒక్క సూత్రం మీద నడిపాడు. ఏ సరుకైనా ముందు తరుగు తియ్యాలి, తర్వాతే తూకం వెయ్యాలి. చింతపండుకు గింజ తరుగు, వేరుశనక్కాయకు మట్టి తరుగు, మనిషి మాటకు కోతల తరుగు. పెళ్ళిచూపుల్లో పిల్ల నెమ్మదస్తురాలని అత్తవారు చెప్పినప్పుడు కూడా మనసులోనే పావువంతు తరుగు తీసుకున్నాడు. నాగలక్ష్మమ్మ కాపురానికొచ్చిన నెలలోపలే ఆ తరుగు చాల్లేదని తేలింది గానీ, ఆ ఒక్క బేరం తప్పితే లెక్కలో ఆయన పెద్దగా మోసపోయింది లేదు.

అంతటి మనిషి ఒకసారి కూడిక చెయ్యడం మరిచిపోయాడు. ఆ మరుపువల్ల ఎర్రగుట్టపల్లి కొండమీద ఎనభై రెండు ఎలుగుబంట్లు పుట్టాయి. పుట్టడం కాగితం మీదే. కానీ సర్కారు కాగితం మీద పుట్టినదాన్ని లేకుండా చెయ్యడం అడవిలో పుట్టినదాన్ని లేకుండా చెయ్యడంకన్నా కష్టం.

జరిగింది ఇదీ. రెండువేల రెండో సంవత్సరం వాన మొహం చాటేసింది. కంబదూరు చుట్టుపక్కల చేలల్లో వేరుశనగ జానెడు లేచి ఆగిపోయింది. ఊడలు భూమిలోకి దిగలేదు. చెట్టు పీకితే వేరు వచ్చింది, కాయ రాలేదు. కరువు కింద ఏమిస్తారో, ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు. అప్పుడు ఎవరో ఒక కబురు మోసుకొచ్చారు. అడవి జంతువులు పడి పంట పోతే అటవీశాఖవాళ్ళు పరిహారం ఇస్తారట. ఊరికి ఆనుకునే జాలికనుమ ఉంది. కనుమలో ఎలుగుబంట్లున్నాయన్న మాట తాతల నాటిది. ఇక కావలసింది అర్జీలే.

ఊళ్ళో కుదురైన దస్తూరీ, సర్కారుకు నచ్చే భాష ఉన్నది రాయుడి దగ్గరే. నలభై ఒక్కమంది వచ్చి ఆయన గోడౌను అరుగుమీద కూర్చున్నారు. పొద్దున మొదలుపెట్టి దీపాలవేళకు నలభై ఒక్క అర్జీలూ రాసేశాడు. అన్నిట్లోనూ వాక్యం ఒకటే: "నా చేనునందు రెండు ఎలుగుబంట్లు పడి పంటనంతయు పెకలించి తినివేసినవి." ఒకటి అని రాస్తే, ఒక్క జంతువు చేనంతా ఎట్లా తిన్నదని అడుగుతారు. మూడు అని రాస్తే ఆశ కనబడుతుంది. రెండైతే బేరానికి నిలుస్తుంది. వాన చేసిన నేరం అట్లా ఎలుగుబంట్లమీద పడింది. అప్పటి ఆఫీసరు ఒక్కొక్క అర్జీ విడివిడిగా చూసి సంతకం పెట్టాడు. విడివిడిగా చూస్తే ప్రతిదీ ముత్యమే. నలభై ఒకటీ దండ గుచ్చి చూసేవాడు ఒకడు వస్తాడని రాయుడు అనుకోలేదు.

రెండేళ్ళ తర్వాత వచ్చాడు. జాలికనుమలో రోడ్డు వేసే ఫైలు పట్టుకుని వచ్చాడు.

ఆ రోడ్డుకోసం రాయుడు తొక్కని ఆఫీసు గడప లేదు. కొండనిండా సీతాఫలం చెట్లే. వానలున్నా లేకున్నా కాసే చెట్టు ఆ సీమలో అదొక్కటే. ఏటా తిమ్మక్క, ఆమె వెంట పాతికమంది ఆడవాళ్ళు కాయలు కోసి గంపలకెత్తి రాయుడికి వేస్తారు. ఆయన బళ్ళారి మండీకి పంపుతాడు. కాయమీద గళ్ళ మధ్య గీతలు తెల్లగా విచ్చుకుంటే కన్ను తెరిచిందంటారు. కన్ను తెరిచిన కాయ మూడోరోజుకు గుజ్జు. ఉన్న దారి కల్యాణదుర్గం చుట్టుకుని పోతుంది. గుంతలు, గేట్లు, పంక్చర్లు దాటి మండీ చేరేసరికి గంపలో మూడోవంతు ఈగలకే. కనుమ తెగి రోడ్డు పడితే పదకొండు కిలోమీటర్లలో రాయదుర్గం రోడ్డెక్కవచ్చు. ఆ నమ్మకంతో రాయుడు కనుమ మొదట్లో ఒక రేకులషెడ్డు కూడా వేశాడు. రోడ్డు రాకపోతే ఆ షెడ్డు మేకలకు పనికొస్తుంది.

రోడ్డుకు అన్నీ అయ్యాయి, అటవీశాఖ ఒప్పుకోలు తప్ప. "కనుమయందు ఎలుగుబంట్ల సంచారము విషయమై గురువారము విచారణ జరుగును" అని కొత్త రేంజరు ప్రవీణ్ పేరుతో ఊరికి కాగితం వచ్చింది.

రాయుడు కాగితం రెండుసార్లు చదివి భార్యకు చూపించాడు. నాగలక్ష్మమ్మ చేటలో పప్పు చెరుగుతూనే వింది.

"పుట్టించినోడివి నువ్వే గదా," అంది. "సాకేది గూడా నువ్వే."

సాకడం ఆయన పద్ధతి కాదు. ఆ సాయంత్రమే ఇద్దరిని పిలిపించాడు. ఒకరు తిమ్మక్క. ఇంకొకరు బయ్యన్న. బయ్యన్న డెబ్బై దాటిన మనిషి. నుదుటినుంచి నడినెత్తి దాకా గాటు ఉంటుంది. ఎలుగుబంటి పంజా దెబ్బ అని ఊరంతా ఎరుగును. వయసులో నాటు తుపాకీ పట్టి కనుమనంతా ఏలినవాడని పేరు. కల్లంలో పడుకున్నా, పెళ్ళిలో కూర్చున్నా ఆయన వేట కథ లేకుండా పొద్దు గడవదు.

"ఎలుగ్గొడ్లు లేవని చెప్పల్ల, అంతే గదా రాయుడన్నా," అంది తిమ్మక్క.

"లేవంటే చాలదమ్మా. రెండేండ్ల కిందట ఉండాయని మనమే రాసిస్తిమి. ఉండేటివి యాడికి పోయినట్ల?"

"బెంగుళూరికి పోయినాయని చెప్పు. ఊర్లో సగం మంది ఆడికే పోయినారు."

రాయుడు ఆ మాటను కాటాలో పెట్టి చూసి పక్కన పెట్టాడు. బెంగుళూరుకు పోయినవాళ్ళు పండక్కి తిరిగొస్తారు. అది చిక్కు.

"బయ్యన్నా, నువ్వు కొట్టినేటివి ఎన్ని?"

"పద్నాలుగు."

"పోయిన జాతరలో పదకొండంటివి గదా."

"ఆపొద్దు మూడు మతికి రాలేదు."

"సరే, పద్నాలుగు. నీ కాలంలోనే అన్నీ నువ్వు కొట్టేస్తివి. కనుమ ఖాళీ అయ్యింది. తర్వాత యాడిదో ఒక దేశదిమ్మరి జత వచ్చి, మన నలభై ఒక్క చేన్లూ మేసి, వచ్చిన దావనే పోయింది. అప్పటికి ఎనభై రెండు గాదు, రెండే. ఆ రెండూ ఇప్పుడు లేవు. ఎట్లుంది?"

"నేను కొట్టినానని చెప్తే జైల్లో ఏస్తారేమో?"

"వేటాడగూడదనే చట్టం డెబ్బై రెండులో వచ్చిందంట. అంతకు ముందరే కొట్టినానని చెప్పు."

బయ్యన్న మీసం సవరించుకున్నాడు. సర్కారే వచ్చి తన కథ రాసుకుంటుందంటే అది ఆయనను ఆ రాత్రి నిద్రపోనిచ్చే రకం సంతోషం కాదు.

మిగిలింది కొండమీది గుర్తులు. ఎలుగుబంటికి చెదలంటే ప్రాణం. పుట్ట కనబడితే గోళ్ళతో చీల్చి మూతి దూర్చి పీల్చేస్తుంది. కనుమ దారిపొడుగునా అట్లా పొట్ట చీలిన పుట్టలు పదిహేడున్నాయి. తిమ్మక్క తన ఆడవాళ్ళ మందను తీసుకునిపోయి రెండు రోజుల్లో పదిహేడింటికీ ఎర్రమట్టి మెత్తి, అలికి, పచ్చిగా కనబడకుండా పైన పసుపు దట్టంగా పూసి, కుంకుమ బొట్లు పెట్టించింది. నాగులచవితినాడు కూడా ఆ పుట్టలకు అంత వైభోగం జరిగి ఉండదు.

గురువారం పొద్దున రేంజరు బడి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి. గుంతకల్లులో పెరిగాడు. తండ్రి రైల్వేలో టిక్కెట్ కలెక్టరు. ఆ ఇంట్లో ఒకటికి ఒకటి కలిపితే రెండు తప్ప ఇంకేదీ రానిచ్చేవాళ్ళు కాదని ఆయన మొహం చూస్తేనే రాయుడికి అర్థమైంది. బల్లమీద అర్జీల కట్ట ఉంది. దారం విప్పి ఉంది.

"ఈ దస్తూరీ ఎవరిది?"

"నాదే సార్," అన్నాడు రాయుడు. "ఊర్లో రాసేవాళ్ళు తక్కువ."

"కూడేవాళ్ళు కూడా తక్కువున్నట్లుంది. ఎనభై రెండు. మన జిల్లా మొత్తం వెతికినా అన్ని దొరుకుతాయో లేదో."

"అవి ఎనభై రెండు గాదు సార్. ఒగటే జత. నలభై ఒక్క చేన్లూ తిరిగింది."

రేంజరు మొదటి అర్జీ తీశాడు. "అక్టోబరు పన్నెండు రాత్రి." రెండోది తీశాడు. "అక్టోబరు పన్నెండు రాత్రి." కట్ట మధ్యలోంచి ఒకటి లాగాడు. అదీ అంతే.

రాయుడికి అప్పుడు తట్టింది. అన్నీ ఒక్కరోజే కూర్చుని రాశాడు, ఆ తేదీయే అన్నిట్లోనూ వేశాడు.

"ఆకలి మీద ఉండాయేమో సార్," అంది వెనకనుంచి తిమ్మక్క.

"అమ్మా, మెయిలు బండి కూడా ఒక్క రాత్రిలో నలభై ఒక్క చోట్ల ఆగదు," అన్నాడు రేంజరు. "ఆగినా, ప్రతిచోటా దిగి భోంచెయ్యదు."

రాయుడు తొందరగా బయ్యన్నను ముందుకు తోశాడు. బయ్యన్న ఉతికిన పంచె కట్టుకుని, పాత కోటు వేసుకుని వచ్చాడు. కథ మొదలుపెట్టాడు. చలికాలం, మబ్బు తెల్లవారుజాము, కనుమ మలుపు, ఎదురుగా నల్లని ఆకారం. ఎన్నోసారి వింటున్నా ఊరు నోరు తెరుచుకునే వింది. కథ మంచి పట్టుమీద ఉండగా రేంజరు జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆ పెన్నెందుకు సార్?" అన్నాడు బయ్యన్న.

"రాసుకోవడానికి. ఇది ఏ సంవత్సరం?"

"సంవత్సరం యాడ తెలుస్తాది సార్. మా పెద్దోడు పుట్టినేడు."

"మీ పెద్దోడికి ఎంత?"

"ఇరవై తొమ్మిది," అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే, సాయం చేద్దామని.

రేంజరు కాగితం మూలన తీసివేత వేశాడు. "అంటే డెబ్బై ఐదు. చట్టం వచ్చిన మూడేళ్ళకు. మీరు చెప్పేది నేను రాస్తే, మీరు సంతకం పెట్టాలి. తర్వాత కోర్టు."

బయ్యన్న రాయుడి వైపు చూశాడు. రాయుడు బడి పైకప్పు వైపు చూశాడు. ముసలాయన కోటు గుండీలు ఒక్కొక్కటే తీసి, మళ్ళీ ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"ఒక్కటి గూడా కొట్టలేదు సార్," అన్నాడు.

వరండాలో ఊరివాళ్ళు మెడలు ముందుకు చాపారు.

"ఒక్క తూరి ఎదురుపడింది. తుపాకి ఆడనే పారేసి తుమ్మచెట్టు ఎక్కినా. తెల్లార్లూ దిగలేదు. ఈ గాటు దానిది గాదు, తుమ్మ కొమ్మది. దేవునిమింద ఒట్టు, కుందేలును గూడా కొట్టలేదు."

నలభై ఏళ్ళ పరువును ఒక మనిషి జైలుకు బదులు తూకం వేసి ఇచ్చేశాడు. బేరంగా చూస్తే తప్పేం లేదని రాయుడికి అనిపించింది. కానీ బయ్యన్న మొహం చూడలేక తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అంటే ఈయన కొట్టలేదు," అన్నాడు రేంజరు కట్టకు దారం చుడుతూ. "ఇంకెవరూ కొట్టలేదు. అప్పుడు అన్నీ అక్కడే ఉండాలి కదా. రాయుడుగారూ, నాకు రెండే దార్లు. ఉన్నాయని రాస్తే రోడ్డు ఫైలు ఢిల్లీకి పోతుంది. అక్కడినుంచి తిరిగొచ్చేసరికి మీ మనవలు రాయుళ్ళవుతారు. లేవని రాస్తే, లేనివాటికి పరిహారం ఎందుకిచ్చారని ఈ నలభై ఒకటీ మళ్ళీ తెరుస్తారు. తెరిస్తే మొదట కనబడేది మీ దస్తూరీ. పదండి, కనుమ చూద్దాం."

రాయుడు లెక్క వేసుకున్నాడు. ఒక పళ్ళెంలో రోడ్డు, ఇంకో పళ్ళెంలో మెడ. ముల్లు ఎటూ మొగ్గలేదు.

ఎండ వాలాక బయల్దేరారు. రేంజరు, రాయుడు, బయ్యన్న, తిమ్మక్క, వెనక పదిమంది ఊరివాళ్ళు. కనుమలో రోడ్డు గుర్తుకోసం పాతిన సున్నపు రాళ్ళు తెల్లగా వరసగా ఉన్నాయి. వాటి పక్కనే పచ్చగా, ఎర్రగా పుట్టలు.

"ఇదేమిటి?" అన్నాడు రేంజరు.

"మొక్కుబడి సార్," అంది తిమ్మక్క.

"చవితి పోయి నెలన్నర అయ్యింది కదా."

"మా మొక్కుకు క్యాలెండరు లేదు సార్."

ఆయన పుట్టలు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. పన్నెండో పుట్ట దగ్గర ఆగాడు. దాని అలుకు నిట్టనిలువునా చీలిపోయి ఉంది. లోపలి చెదలు ఖాళీ. రాత్రే జరిగిన పని. ఊరివాళ్ళు మెత్తిన మెత్తమట్టి పాత పుట్ట గట్టిదనంకన్నా ఎలుగుబంటికి సుళువైపోయినట్టుంది. అంతటితో పోయిందా, లేదు. పుట్టకు పూసిన పసుపంతా దాని కాళ్ళకంటుకుంది. పక్కన పరుపుబండమీద, పేరంటానికి వచ్చిపోయిన ముత్తైదువలాగా, పచ్చని అడుగులు వరసగా కొండెక్కిపోయాయి.

వెనకున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి తగ్గారు. తిమ్మక్క మాత్రం చటుక్కున చేతులు జోడించింది.

"అమ్మవారు నడిసింది," అంది.

రేంజరు వంగి చూశాడు. "అమ్మవారికి ఇంతింత గోళ్ళుంటాయా?"

"ఉగ్రరూపం సార్," అంది తిమ్మక్క. కానీ ఆమె గొంతులో కూడా నమ్మకం పోయింది.

రేంజరు బండమీద కూర్చుని చెప్పులు విప్పి, ఇసుక దులుపుకున్నాడు. తర్వాత రాయుడిని దగ్గరికి పిలిచి నెమ్మదిగా అన్నాడు. "ఉన్నాయి. అది తేలిపోయింది. ఎన్ని అన్నదే నేను రాయాల్సింది. ఒకటీ రెండైతే ఇక్కడే తేల్చవచ్చు, గుంపుంటే ఢిల్లీకే. ఒక్క సాయంత్రంలో అడవిలో జంతువుల్ని ఎవడూ లెక్కపెట్టలేడు. ఎవరు రాసినా అంచనాయే. ఎంత రాయమంటారు, ఎనభై రెండా?"

అంచనా అన్న మాట వినగానే రాయుడికి ప్రాణం లేచొచ్చింది. అంచనా అంటే బేరం. ఆయన భుజంమీది తువ్వాలు తీసి తన కుడిచేతిమీద కప్పి ముందుకు చాపాడు. సంతలో ఎద్దులు కొనేవాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు మొహాలు కనబడతాయి గానీ ధర కనబడదు.

"ఇదేంటి?"

"ఊరోళ్ళు చూస్తాండారు సార్. మీరు లోపల చెయ్యి పెట్టండి. ఒక్కో ఏలికి ఒక్కో ఎలుగ్గొడ్డు."

రేంజరు అటూ ఇటూ చూశాడు. గుంతకల్లు రైల్వే ఇంట్లో పెరిగినా అనంతపురం జిల్లా మనిషి. చెయ్యి పెట్టాడు. రాయుడి అయిదు వేళ్ళూ పట్టి, వదిలి, మళ్ళీ అయిదూ పట్టాడు. పది. రాయుడు నొప్పి పుట్టినవాడిలాగా మొహం పెట్టి, ఆయన చూపుడువేలు ఒక్కటే ముట్టుకున్నాడు.

"ఒకటే అయితే జత ఎట్లా?" అన్నాడు రేంజరు.

"పది అయితే తాగేదానికి నీళ్ళు యాడుండాయి సార్? ఊరి బోరులోనే రావడంలేదు."

ఎనిమిది పట్టాడు రేంజరు. రాయుడు కదల్లేదు. ఆరు. రాయుడు నిట్టూర్చి రెండు వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కాడు.

"సార్, రెండని రాస్తే ఈ నలభై ఒక్క అర్జీల్లో ఒక్కటి గూడా అబద్ధం గాదు. ఒక్కోదాంట్లో రెండనే గదా రాసిండేది. తేదీ తప్పంటారా, రాసినోడు ఒకే పొద్దు కూసోని రాసినాడు, వయసైనోడు, తెలీక ఏసినాడని రాయండి. మీ పాత ఆఫీసరుకూ మాట రాదు."

తువ్వాలు కింద రేంజరు చెయ్యి కాసేపు ఏ వేలూ పట్టకుండా ఊరకే ఉంది. సరిగ్గా అప్పుడే బయ్యన్న చెయ్యి రాయుడి భుజంమీద పడింది.

"కదలాకండి," అన్నాడు బయ్యన్న. అరుపు కాదు, గుసగుస కూడా కాదు. "గాలి మనదిక్కు వస్తాంది. దానికి కండ్లు తక్కువ, ముక్కు ఎక్కువ. ఊపిరి గూడా మెల్లిగ తీస్కోండి."

నలభై గజాల అవతల, సీతాఫలం పొదల్లోంచి అది బయటికొచ్చింది. దుమ్ముకొట్టిన నల్లటి జూలు, పాదాలు మాత్రం పసుపుపచ్చ. తాపీగా నడిచి సున్నపురాయి దగ్గరికి వచ్చింది. రాయిని వాసన చూసింది. తర్వాత దానికి వీపు ఆనించి రుద్దబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. వీపుమీద జూలులో రెండు పిల్లలు ముఖాలు దాచుకుని అతుక్కుని ఉన్నాయి. అందుకని మెడ మాత్రం రుద్దుకుంది. రాయి ఒరిగిపోయింది. దాన్నలాగే వదిలేసి, రాలిన పండు ఒకటి నోట కరుచుకుని, రోడ్డు పడబోయే దారిని అడ్డంగా దాటి వాగువంకలోకి దిగిపోయింది.

వెనక నిలబడ్డ పదిమందిలో ముగ్గురే మిగిలారు. తిమ్మక్క చెంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"ఇదంతా మీకెట్లా తెలుసు?" అని అడిగాడు రేంజరు బయ్యన్నను.

"తుమ్మచెట్టు మింద తెల్లార్లూ కూసోని చూస్తిని గద సార్," అన్నాడు బయ్యన్న. ఆ కథ అంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది వేటకథలన్నిటికన్నా బాగుందని రాయుడికి అప్పుడే తెలిసింది.

తువ్వాలు కింద చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉన్నాయి. రాయుడు మనసులో కూడిక వేశాడు. కళ్ళారా చూసినవి మూడు. బేరం ఇప్పుడు పైకి పోతుంది.

రేంజరు ఆ వంక వైపే చూస్తూ ఉన్నాడు. "తల్లి ఒకటి," అన్నాడు. "తండ్రి ఎక్కడో ఉండే ఉంటాడు. రెండు."

"మరి వీపుమింద..." అని తిమ్మక్క మొదలుపెట్టింది. రాయుడు ఆమె కాలు తొక్కాడు.

"అయిదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు," అన్నాడు టిక్కెట్ కలెక్టరు కొడుకు, చెయ్యి బయటికి తీసుకుంటూ. "కానీ వాళ్ళు నడిచే దారిలో నేను రోడ్డు వెయ్యనివ్వను. ఈ సున్నపురాళ్ళు పీకి ఆ పక్క బండల దిగువనుంచి వెయ్యండి. పొద్దు మునిగితే గేటు. సాయంత్రం ఆరునుంచి పొద్దున ఆరుదాకా ఒక్క బండి కదలకూడదు. అట్లా రాస్తా. ఒప్పుకుంటే రోడ్డు."

ఆరుకు గేటు వేస్తే రాత్రి బళ్ళారి పోయే సరుకు మధ్యాహ్నానికే కదలాలి. "ఎనిమిదికి పెట్టండి సార్," అన్నాడు రాయుడు అలవాటు కొద్దీ.

"ఆమెనడిగి చెప్పండి," అన్నాడు రేంజరు వంక వైపు చెయ్యి చూపించి.

రాయుడు అడగలేదు. రోడ్డు నుంచి ఒక గేటు తరుగు తీసేసి మిగతాది తూకం వేసుకున్నాడు. లాభమే అనిపించింది.

రోడ్డు పడింది. కాంట్రాక్టరు తారు వేసిన నెలకే సీతాఫలాల కాలం వచ్చింది. రాయుడు రేకులషెడ్డులో గంపలు దించుకోవడానికి జాగా చదును చేయించి, కాటాకు కొత్త గొలుసు తగిలించాడు. మొదటివారం ఆయన టెంపో పదకొండు కిలోమీటర్లలో రాయదుర్గం రోడ్డెక్కింది. ఒక్క కాయ కూడా చెడలేదు. రెండోవారం అదే రోడ్డుమీద బళ్ళారి మండీవాళ్ళు మూడు టెంపోలు వేసుకుని ఈ పక్కకు వచ్చారు. కొండకిందే కాటా పెట్టారు.

రోడ్డుమీద సరుకు బయటికి పోవడం గురించి రాయుడు వేయని లెక్క లేదు. కొనేవాడు లోపలికి వస్తాడన్నది ఒక్కటే లెక్కలోకి రాలేదు. తిమ్మక్క గంపలన్నీ అటే దించింది. ఎదురుపడ్డప్పుడు మొహం చాటెయ్యకుండా చెప్పింది.

"ఏం జేయల్ల రాయుడన్నా. నువ్వు తీసే తరుగు వాళ్ళు తియ్యరు."

నాలుగురోజులు రాయుడు షెడ్డులో ఖాళీ కాటా ముందు కూర్చున్నాడు. అయిదోరోజు సాయంత్రం గేటు పడ్డాక తలెత్తి చూస్తే, గేటు ఇవతల లారీలు బారు తీరి ఉన్నాయి. ఉల్లిగడ్డలవి, బండరాళ్ళవి, గొర్రెలవి. అటు కదలడానికి లేదు, తిరిగిపోవడానికి మనసొప్పదు. డ్రైవర్లు, క్లీనర్లు రోడ్డుపక్కన అటూ ఇటూ తిరుగుతున్నారు, ఆకలితో. పొద్దునదాకా పన్నెండు గంటలు. పది మైళ్ళలో టీ చుక్క దొరకదు. రాయుడు ఒక్కసారి లెక్క వేసుకుని, లేచి ఇంటికి పోయి నాగలక్ష్మమ్మను, పెద్ద బాణలిని తీసుకొచ్చాడు.

ఏడాది తిరిగేసరికి షెడ్డు ముందు ఆరు బెంచీలు పడ్డాయి. సందె పడితే రాగిసంగటి, వేరుశనగల ఊరుబిండి పచ్చడి; తెల్లారితే బొరుగుల ఉగ్గాని, బజ్జీ. బయ్యన్న ఒక మూల బెంచీమీద కూర్చుని తుమ్మచెట్టు కథ చెబుతాడు. కథ వినేవాడు ఇంకో గ్లాసు టీ తాగకుండా లేవడు. అందుకని ఆయన భోజనానికి రాయుడు ఏమీ తీసుకోడు.

రెండువేల ఆరులో ఒకరోజు పొద్దున, గేటు తెరవడానికి ఇంకా అరగంట ఉందనగా, చౌడప్ప అనే రాయదుర్గం లారీ డ్రైవరు ఒక కాగితం తెచ్చి రాయుడి ముందు పెట్టాడు. గేటు రాత్రంతా తెరిచి ఉంచాలని లారీలవాళ్ళందరూ కలెక్టరుకు రాసుకున్న మహజరు అది. ఈ రోడ్డు తెప్పించిన మనిషి కాబట్టి మొదటి సంతకం ఆయనదే ఉండాలట.

రాయుడు చెయ్యి తుడుచుకుని కాగితమంతా చదివాడు. మడిచి వెనక్కిచ్చాడు.

"నేను పెట్టను చౌడప్పా."

"ఏమన్నా, ఆ ఎలుగ్గొడ్లు నీకేమన్నా సుట్టాలా?"

"అడివి వాటిది. పగలు మనకిడిసినాయి, రాత్రి వాటికిడిసేది న్యాయం. తల్లీబిడ్డలు తిరిగే దావ అది. దుడ్లే సమస్తం గాదు. చట్టమొకటుండాది, ధర్మమొకటుండాది."

చౌడప్ప ఆయన మొహంలోకి, తర్వాత ఆరు బెంచీలమీదికి, తర్వాత పొయ్యిమీది బాణలిలోకి చూశాడు.

"ఆ ధర్మం సల్లారిపోతాంది," అంది నాగలక్ష్మమ్మ పొయ్యి దగ్గరినుంచి. "ఉగ్గాని ప్లేట్లు తీస్కపో ముందు."

రాయుడు ప్లేట్లందుకోవడానికి లేచాడు. చౌడప్ప కాగితం జేబులో పెట్టుకుని, బెంచీమీద కాస్త జరిగి కూర్చున్నాడు.

"బజ్జీలు గూడా పెట్టు," అన్నాడు.